అమెరికా, జపాన్, కొరియా బేస్‌బాల్: ఆట ఒకటే అయితే ఇన్ని తేడాలెందుకు?

తొమ్మిదో_ఇన్నింగ్స్ (ప్రశ్న)

ఎంఎల్‌బీ (అమెరికా మేజర్ లీగ్) రూల్సు తెలిసి, జపాన్, కొరియా లీగ్‌లు కూడా చూసేవాళ్లకి ఈ ప్రశ్న. న్యూయార్క్‌లో రాత్రి ఏడింటి ఆట అంటే మనకి తెల్లవారుజాము నాలుగున్నర. అదే జపాన్‌లో సాయంత్రం ఆరింటి ఆట మనకి మధ్యాహ్నం రెండున్నరకి, కొరియాలో ఆరున్నర ఆట మూడింటికి వస్తుంది. టైము అంత బాగా కుదిరినా, ఎంఎల్‌బీకి అలవాటుపడిన కళ్లతో చూస్తుంటే చాలా చోట్ల బుర్ర తిరుగుతోంది.

ఒకటి, జపాన్‌లో 3-3 దగ్గర 12 ఇన్నింగ్స్ అయ్యాక అందరూ టోపీలు తీసి దండం పెట్టి వెళ్లిపోయారు. ఆ ఆట పట్టికలో ఏమవుతుంది? రెండు, మూడో ఇన్నింగ్స్‌లో, అవుట్లు లేకుండా మొదటి బేసు మీద మనిషి ఉంటే రెండో నంబరు బ్యాటర్ బంట్ (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తోసి, తను అవుటైనా రన్నర్‌ని ముందుకి పంపడం) వేశాడు. అమెరికాలో అయితే మరుసటి రోజంతా ఆ మేనేజర్‌ని ఉతికి ఆరేసేవాళ్లు. మూడు, కొరియాలో స్ట్రైక్ గురించి అంపైర్‌తో ఎవరూ గొడవ పడరేం? నాలుగు, జపాన్ స్టార్టర్లు (ఆట మొదలుపెట్టే పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్లు) వారానికి ఒక్కసారే ఎందుకు కనిపిస్తారు?

ఒక్క విన్నపం. "వాళ్ల క్రమశిక్షణ, వాళ్ల సంస్కృతి" లాంటి జవాబులు చాలా చదివాను. రూలో, లెక్కో, వస్తువో చూపించి చెప్పగలిగితే చెప్పండి.

---

స్కోరుపుస్తకం

టై సంగతి నేను చెప్తా. మిగతావి ఎవరైనా అందుకోండి.

ఎన్‌పీబీలో (జపాన్ లీగ్) లీగ్ ఆట 12 ఇన్నింగ్స్‌తో సరి. కేబీవోలోనూ (కొరియా లీగ్) అంతే ఉండేది, 2025 నుంచి 11కి తగ్గించారు. పదో ఇన్నింగ్స్ నుంచి రెండో బేసు మీద ఊరికే ఒక రన్నర్‌ని నిలబెట్టే పద్ధతి ఈ రెండు లీగ్‌లలోనూ లేదు. అది 2020లో కోవిడ్ ఏర్పాటుగా ఎంఎల్‌బీలోకి వచ్చి 2023లో శాశ్వతమైంది. అక్కడ కూడా ప్లేఆఫ్స్‌లో వర్తించదు.

టై అయిన ఆటని శాతం లెక్కలో అసలు ఆడనట్టే చూస్తారు. గెలుపులని గెలుపులు, ఓటముల మొత్తంతో భాగిస్తారు, టై ఎక్కడా కలవదు. తిరకాసు అక్కడే ఉంది. 2021 సెంట్రల్ లీగ్ (జపాన్‌లోని రెండు లీగ్‌లలో ఒకటి) చివరి పట్టిక చూడండి. యాకుల్ట్ స్వాలోస్ 73 గెలిచి, 52 ఓడి, 18 టై చేసుకుంది. హన్షిన్ టైగర్స్ 77 గెలిచి, 56 ఓడి, 10 టై చేసుకుంది. నాలుగు ఆటలు ఎక్కువ గెలిచిన హన్షిన్ రెండో స్థానంలో ఉండిపోయింది. 73ని 125తో భాగిస్తే .584 వస్తుంది, 77ని 133తో భాగిస్తే .579. గెలుపు-ఓటముల తేడా రెండు జట్లకీ 21 కాబట్టి "ఎన్ని ఆటలు వెనక" అనే గడిలో సున్నా పడింది. ఆ ఏడాది కోవిడ్ వల్ల అదనపు ఇన్నింగ్సే లేకుండా 9తో ఆపేశారు. అందుకే టైలు అన్ని వచ్చాయి.

కొరియా ఒకసారి దీనికి తలకిందులుగా ప్రయత్నించింది. 2009లో టైని శాతం లెక్కలో ఓటమి కిందే వేశారు. కియా టైగర్స్ 81-48, 4 టైలు. ఎస్‌కే వైవర్న్స్ 80-47, 6 టైలు. టైలు తీసేసి లెక్కిస్తే ఎస్‌కే .630, కియా .628, అంటే ఎస్‌కే పైన ఉండాలి. కానీ అప్పటి రూలు ప్రకారం 133 ఆటలతో భాగించారు. కియాకి .609, ఎస్‌కేకి .602 వచ్చాయి. కియా నేరుగా కొరియన్ సిరీస్‌కి (ఫైనల్‌కి) వెళ్లి, అక్కడ ఎస్‌కేనే ఏడో ఆటలో ఓడించి కప్పు ఎత్తింది. ఒక్క భాగహారం మొత్తం సీజన్‌ని మార్చేసింది. ఇప్పుడు కొరియాలో కూడా టైని పక్కన పెట్టే లెక్కే నడుస్తోంది.

ఇక ఆట మీద దీని ప్రభావం. ముగింపు ఎక్కడో తెలిసినప్పుడు మేనేజర్ వెనక నుంచి లెక్క వేసుకుంటాడు. 9 నుంచి 12 దాకా నాలుగు ఇన్నింగ్స్, నలుగురు రిలీవర్లు (స్టార్టర్ తర్వాత దిగే పిచర్లు), ఒక్కొక్కరికి ఒక్కో ఇన్నింగ్స్. పదిహేనో ఇన్నింగ్స్ వస్తుందేమోనని ఎవరినీ దాచుకోనక్కర్లేదు. 12వ ఇన్నింగ్స్ పై సగంలో విజిటింగ్ జట్టు పరుగు తీయలేకపోతే ఇక అది గెలవలేదు, మిగిలిందల్లా టై కాపాడుకోవడమే. ఆ కింద సగంలో రెండో, మూడో బేసు మీద రన్నర్ ఉంటే అవుట్‌ఫీల్డర్లు ముందుకి జరిగి నిలబడటం గమనించండి. తలమీదుగా పోయినా ఓటమే, ముందు పడినా ఓటమే అయినప్పుడు, హోమ్ ప్లేట్‌కి విసరగలిగేంత దగ్గరలో ఉండటమే మేలు.

ప్లేఆఫ్స్‌లో ఇది మరీ వింతగా మారుతుంది. జపాన్ ప్లేఆఫ్స్ అయిన క్లైమాక్స్ సిరీస్‌లో గెలుపులు సమానమైతే లీగ్‌లో పై స్థానంలో ఉన్న జట్టే ముందుకెళ్తుంది. 2014 మొదటి దశలో హన్షిన్ ఒక ఆట గెలిచి ఉంది, రెండో ఆటలో హిరోషిమాతో 0-0. 12వ ఇన్నింగ్స్ పై సగంలో హిరోషిమా పరుగు చేయలేదు. అంతే, కింద సగం ఆడకుండానే ఆట ముగించేశారు. హిరోషిమా ఇక గెలవలేదు, టై అయితే హన్షిన్‌దే దశ, కాబట్టి ఆడటానికి ఏమీ మిగల్లేదు.

---

సీమ్_పట్టు

రూలో, వస్తువో చూపించమన్నారు కాబట్టి నేను వస్తువుతో మొదలెడతా. బంతి.

డ్యూక్స్ వేరు, ఎస్‌జీ వేరు, కూకబుర్రా వేరు అని మన దగ్గర గల్లీ పిల్లాడిని అడిగినా చెప్తాడు. బేస్‌బాల్‌కి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకే బంతి అనుకుంటాం. రూల్ బుక్ ప్రకారం చుట్టుకొలత 9 నుంచి తొమ్మిదింబావు అంగుళాలు, బరువు 5 నుంచి ఐదుంబావు ఔన్సులు, అంటే దాదాపు 142 నుంచి 149 గ్రాములు. ఆ హద్దుల లోపలే బోలెడు తేడాకి చోటుంది.

ఎంఎల్‌బీ బంతి రాలింగ్స్ కంపెనీది, కోస్టారికాలో కుడతారు. కొత్తదాని తోలు నున్నగా జారుతుంది. అందుకే ఆటకి ముందు ప్రతి బంతికీ న్యూజెర్సీ వైపు డెలావేర్ నది పాయల ఒడ్డున తీసిన ఒక రకం సన్న బురద రుద్ది మెరుపు తీస్తారు. జపాన్‌ది మిజునో బంతి, 2011 నుంచి పన్నెండు జట్లకీ అదొక్కటే. తోలు వేళ్లకి కాస్త అంటుకున్నట్టు ఉంటుంది, అరచేతిలో ఒక పిసరు చిన్నదనిపిస్తుంది.

జపాన్‌లో అంతమంది ఫోర్క్, స్ప్లిటర్ ఎందుకు వేస్తారో ఈ పట్టులోనే ఉంది. చూపుడువేలు, నడిమివేలు వెడల్పుగా చాపి మధ్యలో బంతిని ఇరికించి, చెయ్యి మాత్రం ఫాస్ట్‌బాల్ వేగంతోనే తిప్పాలి. స్పిన్ తక్కువ కాబట్టి ప్లేట్ దగ్గరికొచ్చేసరికి బంతి పడిపోతుంది. వేళ్ల పక్కభాగాలకి తోలు సరిగ్గా పట్టకపోతే రెండు రకాల చేటు. ఒకటి, బంతి ముందే జారి ప్లేట్‌కి అడుగు ముందు నేలని తాకుతుంది. క్యాచర్ ఒంటితో ఆపలేకపోతే రన్నర్ ఒక బేసు ముందుకెళ్తాడు. రెండోది ఇంకా ప్రమాదం. జారుతుందనే భయంతో పిచర్ వేళ్లు దగ్గరికి తెస్తాడు, స్పిన్ పెరుగుతుంది, బంతి పడదు, బెల్టు ఎత్తులో వేలాడుతూ వస్తుంది. ఆ తర్వాత దాన్ని స్టాండ్స్‌లో వెతుక్కోవడమే.

అమెరికా వెళ్లిన జపాన్ పిచర్లకి మొదటి స్ప్రింగ్ ట్రైనింగ్ అంతా ఈ పట్టు సర్దుకోవడంతోనే సరిపోతుంది. రోజిన్ సంచి (చేతికి పట్టునిచ్చే పొడి) తప్ప ఇంకేదీ వాడకూడదు. 2021 జూన్ నుంచి అంపైర్లు ఇన్నింగ్స్ మధ్యలో చేతులు, టోపీ, గ్లవ్ తడిమి చూస్తున్నారు. జిగురు దొరికితే ఆట నుంచి బయటికి, పైగా 10 ఆటల సస్పెన్షన్.

పట్టు తర్వాత ఎగురుడు. 2011లో జపాన్ ఒకే బంతికి మారినప్పుడు ఎగిరే గుణం కావాలనే తగ్గించారు. 2010లో లీగ్ మొత్తం మీద 1,605 హోమ్ రన్లు, 2011లో 939. అవే మైదానాలు, దాదాపు అవే ఆటగాళ్లు. 2013లో ఎవరికీ చెప్పకుండా మళ్లీ కాస్త ఎగిరే బంతి తెచ్చారు. సంగతి బయటపడి రచ్చ అయింది, కమిషనర్ ర్యోజో కాటో పదవి వదులుకున్నాడు. వ్లదిమిర్ బాలెంటీన్ 60 హోమ్ రన్లు కొట్టి, సదహారు ఓ 1964లో నెలకొల్పిన 55 రికార్డుని దాటింది కూడా ఆ ఏడాదే. బాలెంటీన్ గొప్పదనం తగ్గించడానికి చెప్పట్లేదు, ఆ బంతితో అందరూ ఆడారు. కానీ 2012 అంకెల పక్కన 2013 అంకెలు పెట్టి "బ్యాటింగ్ మెరుగుపడింది" అని రాసినవాళ్లు మాత్రం పప్పులో కాలేశారు.

కొరియాలోనూ ఇదే కథ. 2018లో 1,756 హోమ్ రన్లు. 2019కి బంతి ఎగిరే కొలత హద్దుల్ని 0.4134–0.4374 నుంచి 0.4034–0.4234కి దించారు. ఆ ఏడాది 1,014 వచ్చాయి. రెండో దశాంశ స్థానంలో ఒక్క అంకె కదిలితే ఏడువందల పైచిలుకు హోమ్ రన్లు ఎగిరిపోయాయి.

కాబట్టి ఎవరైనా "కొరియాలో పవర్ గేమ్, జపాన్‌లో చిన్న ఆట" అంటే, ఏ సంవత్సరం సంగతి అని ముందు అడగండి.

---

హిట్_అండ్_రన్

సీమ్_పట్టు గారు చెప్పిన బంతి లెక్కనే పట్టుకుని బంట్ సంగతి తేల్చేద్దాం.

ఎంఎల్‌బీలో బంట్‌ని చంపింది ఒక చిన్న పట్టిక. 2010–15 మధ్య ఆటల సగటు చూస్తే, అవుట్లు లేకుండా మొదటి బేసు మీద రన్నర్ ఉన్నప్పుడు ఆ ఇన్నింగ్స్‌లో ఇక రావాల్సిన పరుగులు సుమారు 0.86. బంట్ సఫలమై రన్నర్ రెండో బేసుకి వెళ్లి ఒక అవుట్ అయితే 0.66. అంటే అనుకున్నది అనుకున్నట్టు జరిగినా నష్టమే. కనీసం ఒక్క పరుగైనా వచ్చే అవకాశం చూసుకున్నా దాదాపు 42 శాతం నుంచి 40కి దిగుతుంది. మూడో ఇన్నింగ్స్‌లో ఆ పని చేస్తే తిట్లు పడటం న్యాయమే.

అయితే ఆ పట్టిక అమెరికా బంతితో, అమెరికా బ్యాటర్లతో తయారైంది. తర్వాతి బ్యాటర్ ఎక్స్‌ట్రా బేస్ హిట్ (ఒకటి కంటే ఎక్కువ బేసులు తెచ్చే దెబ్బ) కొట్టే అవకాశం ఎంత తగ్గితే బంట్ నష్టం అంత తగ్గుతుంది. 2024లో ఎన్‌పీబీలో రెండు లీగ్‌లూ కలిపి, అర్హతకి సరిపడా ఆడినవాళ్లలో .300 సగటు దాటింది ముగ్గురే: టైలర్ ఆస్టిన్, డొమింగో సాంటానా, కెన్సుకే కొండో. పరుగు అంత కరువైన చోట ఒక్క పరుగుకి విలువ పెరుగుతుంది. మొదటి, రెండో బేసుల మీద మనుషులుండి అవుట్లు లేనప్పుడైతే అమెరికా పట్టికలో కూడా బంట్ వేస్తే ఒక్క పరుగైనా వచ్చే అవకాశం పెరుగుతుంది. అక్కడ వేయకపోవడమే మొండితనం.

జపాన్ ఆటగాడు మసహిరో కవాయి తన కెరీర్‌లో 533 సాక్రిఫైస్ బంట్లు వేశాడు, అది ప్రపంచ రికార్డు. బంట్‌ని వాళ్లు ఒక వృత్తి నైపుణ్యంగా చూస్తారు. రెండు స్ట్రైకుల మీద బంట్ ఫౌల్ అయితే స్ట్రైకౌటే, ఆ రూలు అన్ని చోట్లా ఒకటే. అయినా రెండో స్ట్రైక్ తర్వాత కూడా వేసే ధైర్యం ఉన్న బ్యాటర్లు జపాన్‌లోనే ఎక్కువ కనిపిస్తారు.

ఇంతా చెప్పి, నా అభిప్రాయం కూడా చెప్పేస్తా. మొదటి బేసు మీద ఒక్కడే ఉన్నప్పుడు, మూడో ఇన్నింగ్స్‌లో, మంచి బ్యాటర్ చేత వేయించడం జపాన్ లెక్కలో కూడా దండగే. బంతి వల్ల నష్టం తగ్గుతుందే కానీ లాభంగా మారదు. "ఏమీ చేయలేదు అన్న మాట రాకుండా" వేయించే బంట్లు వాటిలో చాలా ఉన్నాయి.

ఇంకొకటి, బేసు దొంగతనం (స్టీల్), అంటే బంతి కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేసుకి పరిగెత్తడం. ఎంఎల్‌బీలో 2022లో 2,486 స్టీల్స్, 2023లో 3,503. బేసుల్ని 15 అంగుళాల నుంచి 18కి పెంచారు. దానికంటే పెద్ద కారణం, పిచర్ ఒక బ్యాటర్‌కి రెండుసార్లే పిచింగ్ రబ్బరు నుంచి కాలు తీయగలడు. మూడోసారి తీస్తే రన్నర్‌ని అవుట్ చేసి తీరాలి, లేకపోతే బాక్, అంటే రన్నర్‌కి ఊరికే ఒక బేసు. రెండు పికాఫ్‌లు (రన్నర్‌ని పట్టుకోవడానికి బేసు వైపు విసుర్లు) అయిపోయిన వెంటనే రన్నర్ లీడ్ ఎంత పెరుగుతుందో చూడండి, తేడా కంటికి కనిపిస్తుంది. కొరియా 2024లో బేసులు పెంచి, ఇన్‌ఫీల్డ్ షిఫ్ట్‌ని (ఫీల్డర్లని ఒకవైపే మోహరించడాన్ని) కట్టడి చేసి, 2025లో పిచ్ క్లాక్‌ని (బంతి వేయడానికి పెట్టిన గడువు గడియారాన్ని) అధికారికం చేసింది. కానీ పికాఫ్‌లకి లెక్క పెట్టలేదు. జపాన్‌లో క్లాకూ లేదు, పికాఫ్ లెక్కా లేదు. అందుకే అక్కడ మంచి రన్నర్ మొదటి బేసు మీద ఉంటే వరసగా నాలుగైదు విసుర్లు చూడాల్సి వస్తుంది.

---

తొమ్మిదో_ఇన్నింగ్స్

ఇది కదా నేను అడిగింది! పిచ్ క్లాక్ సెకన్లు కూడా రెండు చోట్లా వేరని విన్నాను. ఇంకో అనుమానం: కొరియా రోబో అంపైర్, ఎంఎల్‌బీ 2026లో తెచ్చిన చాలెంజ్ రెండూ ఒకే జోన్‌తో (స్ట్రైక్‌గా లెక్కించే హద్దులతో) నడుస్తాయా?

---

క్యాచర్_మాస్క్

క్లాక్ ముందు. ఎంఎల్‌బీలో బేసులు ఖాళీగా ఉంటే 15 సెకన్లు, రన్నర్ ఉంటే 18 (2023లో 20 ఉండేది). బ్యాటర్ 8 సెకన్లు మిగిలేసరికి సిద్ధంగా పిచర్ వైపు చూడాలి. కొరియా 2025లో మొదలుపెట్టింది 20, 25 సెకన్లతో. పిచర్ తప్పితే ఒక బాల్, బ్యాటర్ తప్పితే ఒక స్ట్రైక్. ఎంఎల్‌బీలో తొమ్మిది ఇన్నింగ్స్ ఆట సగటు 2022లో 3 గంటల 4 నిమిషాలు ఉంటే 2023లో 2 గంటల 40కి వచ్చింది.

ఇప్పుడు ఏబీఎస్, అంటే మీరడిగిన యంత్రంతో స్ట్రైక్-బాల్ తేల్చే పద్ధతి. రెండూ కెమెరాలతోనే పనిచేస్తాయి కానీ జోన్లు ఒకటి కావు.

కేబీవో 2024 నుంచి ప్రతి బంతినీ యంత్రంతోనే చెప్పిస్తోంది. ప్లేట్ వెనక అంపైర్ చెవిలో పరికరానికి "స్ట్రైక్" లేదా "బాల్" అని వినిపిస్తుంది, ఆయన చెయ్యెత్తి చూపిస్తాడు, అంతే. మీ మూడో ప్రశ్నకి జవాబు అదే, గొడవ పడటానికి ఎదురుగా మనిషే లేడు. జోన్ బ్యాటర్ ఎత్తులో శాతంగా ఉంటుంది. 2024లో పై గీత 56.35 శాతం, కింది గీత 27.64. 2025లో రెండింటినీ 0.6 దించి 55.75, 27.04 చేశారు. వెడల్పులో ప్లేట్‌కి అటూ ఇటూ 2 సెంటీమీటర్లు కలుపుతారు.

ఎంఎల్‌బీ 2026లో తెచ్చింది చాలెంజ్ పద్ధతి. అంపైరే చెప్తాడు. బ్యాటర్, పిచర్, క్యాచర్‌లలో ఒకరు వెంటనే టోపీ మీదో హెల్మెట్ మీదో తట్టి అప్పీలు చేయాలి, డగౌట్ నుంచి సాయం తీసుకోకూడదు. జట్టుకి ఆటకి రెండు. నెగ్గితే చాలెంజ్ మిగులుతుంది, ఓడితే పోతుంది. పై గీత ఎత్తులో 53.5 శాతం, కిందది 27.

180 సెంటీమీటర్ల బ్యాటర్‌ని తీసుకుని లెక్కేయండి. కొరియాలో పై గీత నేల నుంచి 100.4 సెంటీమీటర్లు, ఎంఎల్‌బీలో 96.3. కింది గీత రెండు చోట్లా 48.6 దగ్గరే. అంటే కొరియా జోన్ పైన నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ, బంతి వ్యాసంలో సగానికి పైగా. అందుకే అక్కడ ఎత్తుగా వేసే ఫాస్ట్‌బాల్‌కి గిరాకీ.

ఇంకో తేడా చాలామంది గమనించరు. ఎంఎల్‌బీ ప్లేట్ మధ్యలో నిలబెట్టిన ఒక్క అద్దం పలక లాంటి జోన్‌ని చూస్తుంది. కొరియా పై-కింది గీతల్ని ప్లేట్ మధ్యలోనూ, చివరనూ, రెండు చోట్లా చూస్తుంది. మధ్యలో కింది గీతని గీసుకుని వెనక్కొచ్చేసరికి బాగా జారిపోయే కర్వ్ ఎంఎల్‌బీలో స్ట్రైక్, కొరియాలో బాల్ అయ్యే అవకాశం ఉంది.

ఇక క్యాచర్ల మాట. ఫ్రేమింగ్, అంటే అంచున పడ్డ బంతిని గ్లవ్‌తో మెల్లగా లోపలికి లాగి అంపైర్‌ని నమ్మించడం, కొరియాలో ఒక్క రాత్రిలో పనికిరాని విద్య అయిపోయింది. క్యాచర్ బయటి అంచుకి గ్లవ్ పెడితే బంతి లోపలి అంచుకి వచ్చిందనుకోండి. అతను ఒంటినంతా తిప్పి చెయ్యి చాచి పట్టుకుంటాడు. మనిషి అంపైర్ దాన్ని చూసి చాలాసార్లు బాల్ అనేస్తాడు, గురి తప్పిందని మనసులో పడిపోతుంది కాబట్టి. యంత్రానికి గ్లవ్ కనిపించదు, జోన్‌ని తాకితే స్ట్రైకే. బ్యాటర్ తెల్లబోయి చూస్తాడు, పిచర్ కూడా చూస్తాడు. మొదటి ఏడాది పిచర్లే ఎక్కువ సణిగారు. మైదానానికీ మైదానానికీ తేడా ఉందన్నారు. ఎంఎల్‌బీలో ఆడొచ్చిన పిచర్ ర్యూ హ్యున్‌జిన్ అంతటివాడు 2024 ఏప్రిల్‌లో బహిరంగంగానే అసంతృప్తి చెప్పాడు.

జపాన్‌లో స్ట్రైక్-బాల్ ఇప్పటికీ మనిషి మాటే. అక్కడ 2018 నుంచి "రిక్వెస్ట్" ఉంది, మేనేజర్ బయటికొచ్చి చేతులతో గాల్లో చతురస్రం గీస్తే వీడియో చూస్తారు. స్ట్రైక్, బాల్ దాని కిందికి రావు. ఫ్రేమింగ్ పూర్తిగా బతికున్న పెద్ద లీగ్ ఇప్పుడు అదొక్కటే. క్యాచర్ల పనితనం చూడాలనుకునేవాళ్లు అక్కడే చూడాలి.

---

ఏడో_నంబర్

మిగిలిపోయిన నాలుగో ప్రశ్న. జపాన్‌లో సాధారణంగా సోమవారం ఆటలుండవు, మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు. ఆరుగురు స్టార్టర్లని పెట్టుకుంటే ఒక్కొక్కరికి ఒక్కో వారం కుదురుతుంది. శుక్రవారం పిచర్ మళ్లీ శుక్రవారమే. జట్టు తన మొనగాడిని శుక్రవారానికి కేటాయించడం మామూలే, వారాంతపు సిరీస్ మొదటి ఆట కాబట్టి.

కొరియాలో కూడా వారానికి ఆరే, కానీ ఐదుగురు స్టార్టర్లు. అందుకని మంగళవారం వేసినవాడే ఆదివారం మళ్లీ రావాలి. మధ్యలో నాలుగు రోజులే విశ్రాంతి. మంగళవారం స్టార్టర్‌ని 110 బంతుల దాకా లాగారంటే ఆదివారం స్కోరు మీద ఓ కన్నేసి ఉంచండి. ఎంఎల్‌బీ 162 ఆటల్ని ఆరు నెలల్లో కుక్కుతుంది కాబట్టి వారం రోజులకి ముడిపెట్టే వీలే లేదు. నాలుగైదు రోజుల విశ్రాంతితో చక్రంలా తిరుగుతుంది. జపాన్‌ది 143 ఆటల సీజన్, కొరియాది 144.

దీని వెనక మరో చిన్న ఏర్పాటు ఉంది. ఎంఎల్‌బీలో జాబితాలో ఉన్న 26 మందీ డగౌట్‌లో ఉంటారు, వాళ్లలో పిచర్లు 13కి మించకూడదు. జపాన్‌లో మొదటి జట్టు జాబితా పెద్దది, ఆటకి అందులో కొందరినే బెంచీ మీదకి తీసుకుంటారు. ఆ రోజు వేయని స్టార్టర్లని బయట పెట్టేస్తారు, ఆ చోట్లలో రిలీవర్లూ పించ్ హిట్టర్లూ (ఇంకొకరి బదులు బ్యాటింగ్‌కి దిగేవాళ్లు) కూర్చుంటారు. స్కోరుపుస్తకం గారు చెప్పిన ఇన్నింగ్స్‌కి ఒక రిలీవర్ లెక్క సాగేది ఈ ఏర్పాటు వల్లే. అమెరికాలో 2020 నుంచి రిలీవర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకి వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి. జపాన్‌లో అది లేదు, ఒక్క ఎడమచేతి బ్యాటర్ కోసం వచ్చి వెళ్లే ఎడమచేతి పిచర్ ఇంకా ఉన్నాడు.

డీహెచ్ (బ్యాటింగ్ మాత్రమే చేసే ఆటగాడు) గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్పాల్సిందే, డీహెచ్ లేని ఆట త్వరలో మాయమైపోతోంది కాబట్టి. ఎంఎల్‌బీలోని అమెరికన్ లీగ్‌లో 1973 నుంచి, జపాన్ పసిఫిక్ లీగ్‌లో 1975 నుంచి పిచర్ బదులు డీహెచ్ బ్యాటింగ్ చేస్తున్నాడు. ఎంఎల్‌బీలోని రెండోదైన నేషనల్ లీగ్ 2022లో ఒప్పేసుకుంది. పెద్ద లీగ్‌లలో పిచర్‌తో బ్యాటింగ్ చేయిస్తూ చివరిదాకా నిలిచింది సెంట్రల్ లీగే, అది కూడా 2027 నుంచి డీహెచ్‌కి మారుతున్నట్టు 2025 ఆగస్టులో ప్రకటించింది.

పాత ఆట చూడాలంటే 2026 సీజన్ అయ్యేలోపు హన్షిన్, యొమియురి, హిరోషిమా సొంత మైదానాల్లో జరిగే ఆట ఏదైనా పెట్టుకోండి. ఆరో ఇన్నింగ్స్, 1-1, రెండు అవుట్లు, ఎనిమిదో నంబరు బ్యాటర్, రెండో బేసు మీద రన్నర్. మొదటి బేసు ఖాళీ, తర్వాత వచ్చేది పిచర్. ఎనిమిదోవాడిని కావాలని మొదటి బేసుకి నడిపిస్తారా? నడిపిస్తే ఎదుటి మేనేజర్ బాగా వేస్తున్న స్టార్టర్‌ని తీసి పించ్ హిట్టర్‌ని పంపుతాడా, లేక ఈ అవకాశం వదులుకుని ఏడో ఇన్నింగ్స్ కూడా అతని చేతే వేయిస్తాడా? ఆ క్షణంలో కెమెరా బుల్‌పెన్ వైపు తిరుగుతుంది. అక్కడ ఎవరైనా జాకెట్ తీసి వార్మప్ మొదలెట్టారంటే, పించ్ హిట్టర్ వస్తున్నాడని స్టేడియం కంటే ముందు మీకే తెలిసిపోతుంది.